పరుగువీరుని విశ్వాసము



విశ్వాసమను మాటను మనము దినమునకు పదిమార్లు వాడుచుందుము. కుక్కకు విశ్వాసము కలదందుము. ఉప్పు తిన్న యింటికి విశ్వాసము చూపవలెనందుము. మన ఊళ్లలోని క్రైస్తవసోదరులు తమ సంఘములోని వారిని విశ్వాసులని పిలుచుకొందురు. ఈ మాటకు మూలము సంస్కృతమున "శ్వస్" అను ధాతువు. ఊపిరి తీయుట యని దాని యర్థము. దానికి ముందు "వి" యను ఉపసర్గము చేరగా, భయము లేక హాయిగా ఊపిరి తీయుట యను భావము కలిగినది. దొంగలున్న అడవిలో నడచువాడు ఊపిరి బిగబట్టి నడచును. తనవారి యిల్లు చేరినపిమ్మట అరుగుమీద కూలబడి గుండెనిండ గాలి పీల్చుకొనును. ఆ రెండవ స్థితియే విశ్వాసము.

ఈ మాటను ముందుగా విప్పి చెప్పుటకు కారణము కలదు. నేడు నేను చెప్పదలచినది ఒక పరుగుపందెగాని చరిత్ర. పరుగెత్తువానికి ఊపిరియే మూలధనము. అట్టివాడు కాలు కదలక, తల పగులునంత నొప్పితో మంచము పట్టినపుడు వాని విశ్వాసమేమగును? ఈ ప్రశ్న దూరదేశపు ప్రశ్న కాదు. మన ఊరిలో భక్తిపరుడొకడు జబ్బుపడినచో, "ఇన్ని పూజలు చేసెనే, ఇతనికేల వచ్చినది?" అని ఒకరందురు. "భక్తిలో ఎచ్చటనో లోపముండును" అని మరియొకరు ముక్తాయింతురు. గుడికి పోవువానిని గూర్చియు, మసీదునకు పోవువానిని గూర్చియు, చర్చికి పోవువానిని గూర్చియు ఈ మాట వినబడుచునే యున్నది. ఈ మాటలో నిజమెంత యని విచారించుటయే నేటి పని. నేను క్రైస్తవుడను కాను. బాల్యమున గురువుల పాదములకడ కావ్యములును వ్యాకరణమును చదివి, పిదప చిరకాలము బడిలో తెలుగు చెప్పినవాడను. అయినను ఏ మతమువాని జీవితమునందైనను మనము నేర్చుకొనదగిన పాఠమున్నచో, దానిని పిల్లలకు చెప్పినట్లే పెద్దలకును చెప్పుట ఉపాధ్యాయుని ధర్మమని తలచెదను.

ఆ పరుగువీరుని పేరు ఎరిక్ లిడెల్. ఆయన మన దేశమువాడు కాడు. కాని ఆయన పరుగెత్తిన పందెము మన జిల్లాకు క్రొత్తది కాదు. మన వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన జీవాంజి దీప్తి, 2024లో పారిస్ నగరమున జరిగిన పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కంచుపతకము గెలిచిన సంగతి మీరందరు విన్నదే. శరీరమునందో బుద్ధియందో లోటు గలవారికై జరుగు ప్రపంచక్రీడలకు పారాలింపిక్సని పేరు. పుట్టుకతోనే బుద్ధివికాసమున లోటుగల ఆ బాలికను చిన్ననాడు కొందరు హేళన చేసిరని ఆమె తల్లిదండ్రులు పత్రికలవారితో చెప్పిరి. సరిగా నూరేండ్లకు ముందు, 1924లో, పారిస్ ఒలింపిక్ క్రీడలలో, ఆ 400 మీటర్ల పరుగుననే లిడెల్ బంగారుపతకము గెలిచెను. 400 మీటర్లనగా మన పాతలెక్కలో ఇంచుమించు రెండు ఫర్లాంగులు.

లిడెల్ 1902 జనవరి 16వ తేదీన చైనాదేశమున తియెన్‌త్సిన్ నగరమున పుట్టెను. తల్లిదండ్రులు స్కాట్లాండు దేశీయులు. లండన్ మిషనరీ సంఘము పక్షమున వారచ్చట మతసేవ చేయుచుండిరి. నాటి మిషనరీల యాచారము ననుసరించి, బిడ్డను చిన్నతనముననే ఇంగ్లండులోని పాఠశాలయందు విడిచి వారు మరల చైనాకు పోయిరి. 1920లో ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి విజ్ఞానశాస్త్రము చదివెను. అచ్చటనే ఆయన కాళ్లలోని వేగము లోకమునకు తెలిసినది. స్కాట్లాండు రగ్బీ జట్టులో 1922, 1923 సంవత్సరములలో 7 మార్లు ఆడెను. 1923 జూలైలో 100 గజముల దూరమును 9.7 సెకండ్లలో పరుగెత్తెను. బ్రిటనులో ఆ లెక్కను 35 ఏండ్లవరకు ఎవ్వరును దాటలేదు. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో కొట్టుకొనుచు ఆయన పరుగెత్తెడివాడు. ఆ తీరు శాస్త్రసమ్మతము కాదని తెలిసినవారనిరి గాని, గీత దాటుటలో ముందుండువాడు మాత్రము ఆయనయే.

ఆ జూలైలోనే స్టోక్ అను ఊర 440 గజముల పందెము జరిగెను. మొదలిడినంతనే ప్రక్కవాని తాకిడికి లిడెల్ బాటవెలుపల పచ్చికపై పడిపోయెను. పందెము తనకు పోయినదని తలచుచుండగా, లెమ్ము, పరుగెత్తుమని అధికారులు సైగచేసిరి. అప్పటికి మిగిలినవారు సుమారు 20 గజములు ముందుండిరి. ఆయన లేచి, ఒక్కొక్కరిని దాటి, పందెము గెలిచి, గీత దాటినంతనే సొమ్మసిల్లి పడెను. ఆ దినమున చూచినవారు ఆ పరుగును చిరకాలము చెప్పుకొనిరి.

ఆయన విశ్వాసము లోకమున చర్చకు వచ్చినది 1924లో. మన మెదకులోని గొప్ప దేవాలయమునకు ప్రతిష్ఠ జరిగినదియు ఆ యేటి డిసెంబరులోనే యని జ్ఞాపకముంచుకొన్నచో, కాలము మీకు సులభముగా గురుతుండును. లిడెల్ అందరికంటె మేటియైనది 100 మీటర్ల పరుగున. కాని ఒలింపిక్ పట్టిక వెలువడగా, ఆ పరుగునకు తొలి పోటీలు జూలై 6, ఆదివారమున పడినవి. క్రైస్తవులకు ఆదివారము క్రీస్తు పునరుత్థానదినము. ఆరుదినములు పాటుపడి ఏడవదినము దేవునికి విడువవలెనను వారి శాస్త్రనియమమును ఆ దినమునకు అన్వయించి, కొందరు నిష్ఠగా పాటింతురు. ఏకాదశినాడు మెతుకు ముట్టని నిష్ఠాపరులను, రంజాను మాసమున గుక్కెడు నీరైనను త్రాగక పొలముపని చేయువారిని ఎరిగిన మనకు ఇది వింత కాదు. లిడెల్ ఆదివారము పరుగెత్తనని చెప్పెను. అదే కారణమున జట్టుపరుగులును మానుకొనెను. 1981లో వచ్చిన "చారియట్స్ ఆఫ్ ఫైర్" అను చలనచిత్రమున ఈ సంగతి ఆయనకు ఓడ యెక్కునపుడు తెలిసినట్లు చూపిరి. నిజమునకు కొన్ని నెలల ముందే తెలిసినది. ఆ నెలలను ఆయన వాదప్రతివాదములతో గడపక, తనకంతగా అలవాటు లేని 400 మీటర్ల పరుగును సాధనచేయుటకు వినియోగించెను.

జూలై 9న 200 మీటర్ల పరుగున ఆయనకు కంచుపతకము వచ్చెను. జూలై 11న 400 మీటర్ల తుదిపోటీ. ఆయనకు చీటీలో వచ్చినది అన్నిటికంటె వెలుపలి బాట. ఆ బాటలో పరుగెత్తువానికి పోటీదారులెవ్వరును కంటబడరు. ముందెవరున్నారో, వెనుకెవరున్నారో తెలియదు. మొదటి సగమును చూచినవారు ఇతడు ఊపిరి చాలక నడుమనే కూలునని తలచిరి. ఆయన 47.6 సెకండ్లలో గీత దాటి, ఒలింపిక్ క్రీడలలో అంతవరకెవ్వరును పరుగెత్తని వేగమున గెలిచెను.

చాలమంది ఈ కథను ఇచ్చటనే ముగింతురు. చలనచిత్రమును ఇచ్చటనే ముగిసినది. నియమము తప్పలేదు, దేవుడు బంగారమిచ్చెనని చెప్పుట వినుటకు ఇంపుగా నుండును. పిల్లల పాఠ్యపుస్తకమునకు అది చాలును. కాని ఇట్లు ముగించినచో విశ్వాసమనునది కొట్టులోని బేరమువంటిదగును. నేను ఆదివారము మానుకొంటిని, నీవు పతకమిమ్మనుట బేరమే. ఆ లెక్కయే నిజమైనచో, పతకము రానివానికి విశ్వాసము లేదనవలసివచ్చును. రోగము కుదరనివానికి భక్తి తక్కువ యనవలసివచ్చును. లిడెల్ జీవితములోని తరువాతి 21 సంవత్సరములు ఈ లెక్కను కొట్టివేయుచున్నవి. కనుక నా ప్రసంగమునకు అసలు విషయము ఇక వచ్చుచున్నది.

1925లో ఆయన కీర్తిని, పందెములను విడిచి చైనాకు పోయెను. తియెన్‌త్సిన్ నగరములోని కళాశాలయందు విజ్ఞానశాస్త్రమును, ఆటలను నేర్పెను. 1932లో మతబోధకుడుగా దీక్ష పొందెను. 1934లో కెనడా దేశీయులైన మిషనరీల కుమార్తె ఫ్లోరెన్సు మెకెంజీని వివాహమాడెను. 1937లో నగరము విడిచి సియావోచాంగ్ అను పల్లెప్రాంతమునకు కదలెను. ఆయన అన్న రాబర్టు అచ్చటి మిషను ఆసుపత్రిలో వైద్యుడు. అది జపానుసేనలకును చైనావారికిని యుద్ధము జరుగుచున్న కాలము. గాయపడి ఒక పాడుగుడిలో పడియున్న సైనికుని సంగతి విని, లిడెల్ చెక్కబండి కట్టించుకొనిపోయి, వానిని ఆసుపత్రికి చేర్చెను. దారిలో మెడపై కత్తివేటు పడిన మరియొకనిని గూడ అదే బండిమీద తెచ్చెను. ఇది గమనింపదగినది. ఆయన ప్రార్థనాపరుడే. అయినను గాయపడినవాని ప్రక్కన ప్రార్థించి ఊరకుండలేదు. బండి కట్టి వైద్యునికడకు తీసికొనిపోయెను.

1941లో యుద్ధభయము పెరుగగా గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపివేసి, తాను పనిలో నిలిచెను. మూడవ బిడ్డ అచ్చట పుట్టినది. ఆ బిడ్డ ముఖమును తండ్రి చూడనేలేదు. 1943 మార్చిలో జపానువారు ఆయనను వేయ్‌షియన్ అను ఊరిలోని నిర్బంధశిబిరమునకు పంపిరి. ఒక పాత మిషను ఆవరణలో 1500 మందికి పైగా పరదేశీయులను కుదించి యుంచిరి. తిండి చాలదు, గదులు చాలవు, ఓర్పులును చాలవు. అట్టిచోట ఆయన పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆటలు నడపుచు, ముసలివారికి నీళ్లు బొగ్గులు మోయుచుండెను. పిల్లలందరు ఆయనను ఎరిక్ మామ యని పిలిచెడివారు.

ఆ శిబిరమున జరిగిన ఒక చిన్న సంగతి పెద్దలు ముఖ్యముగా వినవలెను. ఆయన నియమము ననుసరించి ఆదివారము ఆటలు లేవు. ఏ పనియు తోచని పిల్లలు ఒక ఆదివారము తమంతట హాకీ ఆడి, తీర్పరి లేనందున కొట్లాడుకొనిరి. లిడెల్ ఆలోచించి, మరుసటి ఆదివారము తానే మైదానమునకు వచ్చి ఆట నడిపెను. లోకమంతయు ఎదురుచూచినపుడు తన పతకముకొరకు ఆదివారము అడుగుపెట్టని మనుష్యుడు, పిల్లలు కొట్టుకొనకుండుటకై ఆదివారము మైదానమున నిలిచెను. నియమమును తన లాభముకొరకు సడలించుట వేరు, పరుల మేలుకొరకు సడలించుట వేరు. ధర్మసూక్ష్మమని మన పెద్దలన్నది ఇట్టిదే.

1945 మొదట ఆయనకు తలనొప్పి ముదిరెను. నడక మందగించెను. చురుకైన మనుష్యుడు ఉత్సాహము తగ్గి ఒంటరిగా కూర్చుండసాగెను. శిబిరపు ఆసుపత్రిలో వైద్యులుండిరి గాని, తలలోపలి సంగతి తెలిసికొను సాధనములు వారికి లేవు. పని యెక్కువయై నరములు అలసినవని వారు తలచిరి. లిడెల్ అదే నమ్మెను. ఆ దినములలో ఆయన ఒక మిత్రునితో తన బాధ చెప్పుకొనెను. దేహబాధకంటె మరియొకటి తన్ను వేధించుచున్నదనెను. తన భారమంతయు దేవునిమీద వేసి నిబ్బరముగా నుండవలసినవాడనే, ఇట్లు క్రుంగిపోయితినేమి యని ఆయన వ్యథ. అనగా, ఊరిలోనివారు రోగిని చూచి గుసగుసలాడు ఆ మాటనే, ఆ భక్తుడు తనకు తానే చెప్పుకొనెను. తన విశ్వాసమున లోపమున్నదని శంకించెను.

అయినను చేయగలిగిన మేలు మానలేదు. చలికాలమున చెప్పులు లేక తిరుగుచున్న స్టీఫెన్ మెట్‌కాఫ్ అను కుర్రవానికి, తాడుతో కుట్టి అతికించుకొన్న తన పాత పరుగుబూట్లు ఇచ్చివేసెను. శత్రువులను ద్వేషింపక వారికొరకు ప్రార్థింపుమని ఆ కుర్రవానికి అంతకుముందే బోధించియుండెను. జపానువారి చెరలో పెరిగిన ఆ బాలుడు పెద్దవాడై జపాను దేశమునకే సేవకుడుగా పోయెను.

1945 ఫిబ్రవరి 21వ తేదీన లిడెల్ భార్యకు చిన్న లేఖ వ్రాయించెను. ఆసుపత్రిలో నెలదినములుండి కొంత నెమ్మదిగా నున్నదనియు, బోధనను ఆటలను మాని రొట్టెలు కాల్చు పనికి మారుమని వైద్యుడు చెప్పుచున్నాడనియు అందుండెను. ఒలింపిక్ విజేతకు రొట్టెలపొయ్యి దగ్గరి పని! ఆ లేఖలో ఆ మాటకు మూల్గు లేదు. ఆ సాయంకాలమే ఆయనకు మూర్ఛ వచ్చెను. ప్రక్కనున్నది సియావోచాంగ్ ఆసుపత్రిలో ఆయనతో పనిచేసిన నర్సు అనీ బుకన్ అను పేరుగల ఆమె. ఇది సంపూర్ణ సమర్పణమని ఆమెతో కడపటి మాటగా చెప్పి, ఆయన స్పృహ తప్పి, ఆ రాత్రియే మరణించెను. వయస్సు 43 ఏండ్లు. ఆరునెలలు గడువకమునుపే, ఆగస్టు 17న, శిబిరమునకు విముక్తి కలిగినది.

మరణానంతరము వైద్యులు పరీక్షింపగా మెదడులో పెద్ద గడ్డ కనబడెను. ఆయన విశ్వాసలోపమని శంకించినది ఆ గడ్డ చేసిన పని.

ఈ విషయమును కొంచెము విప్పి చెప్పెదను. మన తలపుఱ్ఱె మూత బిగించిన గట్టి పాత్రవంటిది. దానిలో మెదడు, నెత్తురు, నీరు సరిపోవునట్లు అమరియున్నవి. కడుపులో గడ్డ పెరిగిన కడుపు ఉబ్బును. పుఱ్ఱె ఎముకగనుక ఉబ్బదు. లోపల గడ్డ పెరిగినకొలది మెదడు నొక్కబడును. అందుచే తలనొప్పి కలుగును. తెల్లవారుజామున లేచునపుడది హెచ్చుగా నుండవచ్చును. వాంతులు, చూపు మసకబారుట, ఒక ప్రక్క చేయి కాలు పట్టు తప్పుట, మాట తడబడుట, మూర్ఛలు కలుగవచ్చును. ఆలోచనకును స్వభావమునకును మెదడే స్థానము గనుక, మనుష్యుని నడతయే మారవచ్చును. శాంతుడు కోపిష్ఠియగును, ఉత్సాహి దిగులుపడును. చూచువారికి గ్రహబాధయో, దయ్యమో, భక్తిలోపమో యని తోచును. తలలోపలి భాగమును పొరలుపొరలుగా చూపు యంత్రములు 1970 తరువాతనే వైద్యులకు దొరకినవి. లిడెల్ కాలమున అవి లేవు. నేడు మనకున్నవి. వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలవంటి పెద్ద ఆసుపత్రికి పోయి అడిగిన, ఏ పరీక్ష చేయవలెనో వైద్యులు చెప్పుదురు. పైన చెప్పిన గురుతులు క్రొత్తగా కనబడి దినదినము పెరుగుచున్నచో, తాయెత్తు కట్టి కాలము గడుపరాదు. తలనొప్పులన్నియు గడ్డలు కావు, చాలవరకు సామాన్యమైనవే. కాని నిర్ణయింపవలసినవాడు వైద్యుడు.

ఇక శాస్త్రమేమి చెప్పుచున్నది? రోగము విశ్వాసలోపముచేత కలుగునని క్రైస్తవగ్రంథము చెప్పుచున్నదా యని కొందరడుగుదురు. నేను చదివినంతవరకు ఆ గ్రంథము ఈ మాటను మందలించుచున్నది. యోబు అను పుణ్యాత్ముడు సర్వము పోగొట్టుకొని కురుపులతో బాధపడుచుండగా, మిత్రులు వచ్చి, నీవేదో పాపము చేసియుందువని వాదించిరి. కథాంతమున దేవుడు కోపించినది ఆ మిత్రులమీద. పుట్టుగ్రుడ్డి నొకని చూచి శిష్యులు, పాపము వీనిదా, వీని తల్లిదండ్రులదా యని అడుగగా, ఎవరిదియు కాదని క్రీస్తు చెప్పెను. ఆ మతమును దేశదేశముల వ్యాపింపజేసిన పౌలు తన దేహములో ముల్లువంటి బాధ యొకటి యున్నదనియు, అది తొలగవలెనని మూడుమార్లు వేడుకొనినను తొలగలేదనియు, బలహీనతలోనే దేవుని బలము తెలిసికొంటిననియు వ్రాసెను. పౌలు తన జీవితమును పరుగుపందెముతో పోల్చినవాడు. లిడెల్‌కు ఆ రెండు మాటలును ఒక్కచోట కలిసివచ్చినవి.

మన దేశమువారికి ఈ సమర్పణభావము పరాయిది కాదు. మన బమ్మెరలో పుట్టిన పోతన తెనిగించిన భాగవతములోని గజేంద్రమోక్షము మీలో ఎందరికో కంఠస్థము. ఆ గజేంద్రుడు బలశాలి. మడుగులో మొసలితో వేయేండ్లు పోరాడి, బలము ఉడిగినపిమ్మట శరణనెను. హరి వచ్చి మొసలిని చంపెను. మనము సాధారణముగా ఇంతమట్టుకే తలచి, శరణన్నచో ఆపద తొలగునని పిల్లలకు చెప్పుదుము. కాని కథ అచ్చట ముగియలేదు. మొసలి చచ్చినపిమ్మట గజేంద్రుడు ఆడయేనుగులతో మడుగుననే ఉండిపోలేదు. ఏనుగు దేహము విడిచి హరిరూపము పొంది హరివెంట పోయెను. కథ పేరే మోక్షము. అతడు కోరినది దేహరక్షణ మాత్రమే కాదని కవి మనకు స్పష్టముగా చెప్పియున్నాడు. శరణాగతియనగా తీర్పు ఎట్లున్నను తీర్పరిని విడువకుండుట. లిడెల్ కడపటి మాట ఆ యర్థముననే పలికినదని నా తలంపు. ఇరువురి దేవుని పేర్లు వేరు, శాస్త్రములు వేరు. ఆ భేదమును నేను చెరుపబూనను. బలవంతుడు బలముడిగిన చోట నిలుచు తీరు మాత్రము ఇరువురియందును ఒకటియే.

బలవంతునికి దేహము చెడుట సామాన్యునికంటె కఠినము. మన తెలుగునాట కలియుగభీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడు, వీరఘట్టమున పుట్టి, ఏనుగును రొమ్ముపై నిలుపుకొనిన మల్లుడు. కడపటి దినములలో ఆయన కాలు తీసివేయవలసివచ్చినది. బలమే పేరైనవానికి, బలము పోయినపుడు పేరే పోయినట్లు తోచును. నా బడిలో చదివిన యొక బాలుడు చెడుగుడులో మేటి. మోకాలు దెబ్బతిని ఏడాది ఆటకు దూరమయ్యెను. వానిని చూడవచ్చిన బంధువొకడు, మ్రొక్కు తీర్పనందుననే యిట్లైనదని తల్లియెదుట అనెను. మోకాలు నొప్పికి ఏడువని ఆ పిల్లవాడు ఆ మాటకు ఏడ్చెను. తల్లి మరునాడు కట్టుకట్టించుటకు పోవలసిన డబ్బును మ్రొక్కునకు ఖర్చుపెట్టెను. ఆ మాట అన్నవాడు చెడ్డవాడు కాడు. ఓదార్పబోయి బరువు పెంచెను. మనలో చాలమంది చేయునది ఇదియే.

కావున పెద్దలారా, మూడు సంగతులు మీ ముందుంచెదను. రోగిని చూడబోయినపుడు అతని భక్తిని తూచవద్దు. ఆ త్రాసు మనచేతిలో లేదు. లిడెల్‌వంటివాడే తన్ను తాను తప్పుగా తూచుకొనెనన్నచో, పైవాడు సరిగా తూచుటెట్లు?

ప్రార్థనకును వైద్యమునకును వైరము పెట్టవద్దు. దేవుని నమ్మినవాడు మందు మానవలెనని ఎవరైనను చెప్పినచో, వారు ఏ మతమువారైనను, పెద్దలైన మీరు అడ్డుపడవలెను. క్రైస్తవ మిషనులవారే మన దేశమున ఎన్నో ఆసుపత్రులు కట్టిరి. నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు చికిత్స చేసిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు విశ్వాసముతోనే వచ్చి మందుతోనే సేవచేసెను. లిడెల్ బండి కట్టి క్షతగాత్రుని తీసికొనిపోయినది వైద్యునికడకే.

మూడవది, దిగులును గూడ వ్యాధిగా నెంచుడు. కాలు విరిగినవానిని లేచి పరుగెత్తుమని ఎవ్వరును అనరు. మనస్సు క్రుంగినవానిని మాత్రము, ధైర్యము తెచ్చుకొమ్ము, భక్తి పెంచుకొమ్మని తొందరపెట్టుదుము. వాని ప్రక్కన కూర్చుండి, చెప్పినంత విని, వైద్యునికడకు తోడుగా పొండు. పనికిరానివాడైతినని వాడు తలపకుండునట్లు చేయగలిగిన చిన్నపని యేదైన చేతికిచ్చి గౌరవింపుడు. పరుగువీరుడు రొట్టెలపనికి సిద్ధపడినది అట్టి గౌరవము తనకు తాను ఇచ్చుకొనుటయే.

విశ్వాసమనగా హాయిగా ఊపిరి తీయుట యని మొదట చెప్పితిని. అది రోగికి మన ఉపదేశములచేత రాదు. తన దేవునివలన, తనవారివలన వచ్చును. దేవుని పని దేవుడు చూచుకొనును. తనవారమైన మనము చేయవలసినది, మంచము చుట్టును మూగి నిందలతో గాలి రాకుండ చేయక, కొంచెము తొలగి, కిటికీ తెరచి, ఆ మనుష్యుని ఊపిరి తీయనిచ్చుటయే.